తిరగలిలో జొన్నపిండి రవ్వగా పడుతుంటే ఏం చేయాలి?

ఇదివరకు మెత్తగా వచ్చే జొన్నపిండి ఇప్పుడు రవ్వగా పడుతోందని, తిప్పడం కూడా బరువైందని, కొత్త తిరగలి కొనాలా అని అడిగారు. కొననక్కర్లేదు. ముందు గింజను చూడండి, తర్వాత రాయిని.

ఒక గింజ కొరికి చూస్తే టక్కున విరగాలి. పంటికింద నలిగి అతుక్కుందంటే చెమ్మ ఉన్నట్టే. ఆ పిండి రాతి గంట్లలో పేరుకుని గట్టిపడుతుంది, ఆపైన రాయి గింజను పట్టదు. జొన్నల్ని బాగా ఎండబెట్టి, చల్లారాక విసరండి. అరిసెలకి తడిబియ్యం రోట్లో దంచుతారు గానీ తిరగలిలో పోయరు, అదీ ఇందుకే.

గింజ ఎండినదే అయితే పైరాయి తీయండి. ఇద్దరు పట్టుకుని తిన్నగా పైకి లేపాలి. పక్కకి వాలిస్తే నడిమి ఇనుప సీల వంగుతుంది, లేదా కన్నం అంచు పెచ్చు లేస్తుంది. గంట్లలో పిండి గడ్డకట్టి ఉంటే పొడి బ్రష్‌తో గట్టిగా రుద్దండి. అది పోయాక కూడా రాయి అరచేతికి నున్నగా జారుతోందంటే కక్కు (రాతిమీద ఉలితో కొట్టిన గంట్ల గరుకు) అరిగిపోయింది. రెండు రాళ్లకీ కొట్టించాలి, ఒక్కదానికి కొట్టిస్తే లాభం లేదు.

కక్కు కొట్టేవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పండి: గంట్లు లోతుగా వద్దు. లోతైతే గింజ అందులో దాక్కుని నలక్కుండా బయటికొస్తుంది, మిగిలిన పిండికి పురుగు పడుతుంది. నడుమ కాస్త ముతకగా, అంచువైపు వెడల్పాటి పట్టీలో దగ్గరదగ్గరగా, సన్నగా ఉండాలి. గింజ విరిగేది నడుమ, మెత్తనయ్యేది అంచు దగ్గర. రాళ్లు సరిగ్గా ఆనుతున్నాయో లేదో చూడాలంటే కిందిరాయికి తడి జాజు (ఎర్రమట్టి) పూసి పైరాయిని ఒక్క చుట్టు తిప్పి లేపండి. పైరాయికి రంగు అంటిన చోట్లే మిట్టలు, వాటినే చెక్కించాలి. తర్వాత జాజంతా కడిగేయండి.

కొత్తగా కక్కు కొట్టిన రాయిలో రాతిపొడి ఉంటుంది. కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, నూకలు విసిరి పారబోయండి. విసిరిన పిండిలో బూడిదరంగు పోయి, వేళ్లతో నలిపితే గరగర తగలనంతవరకూ అలా చేయాల్సిందే. దీన్ని తొందరపడి వదిలేయొద్దు, రొట్టెలో ఇసుక పళ్లకి మంచిది కాదు.

ఇక గింజ పోసే తీరు. తిరగలికి పిండిమరలోలా బిగించే స్క్రూ ఉండదు, రాళ్ల మధ్య ఎడం నిర్ణయించేది మీరు పోసే గింజే. ఎక్కువ పోస్తే పైరాయి లేచి రవ్వ పడుతుంది (ఉప్మారవ్వ కావాలంటే అలాగే పోయాలి). మెత్తటి పిండికి రెండుమూడు చుట్లకోసారి చిన్న గుప్పెడు చాలు. కానీ ఖాళీగా తిప్పొద్దు. రాయికి రాయి రాసుకుని కక్కు అరుగుతుంది, పిండిలో ఇసుక చేరుతుంది.

పిండి ఒకవైపు మెత్తగా, ఇంకోవైపు బరకగా పడుతుంటే కక్కు తప్పు కాదు, సీల వదులైంది. పైరాయి ఊగుతూ తిరుగుతోంది. సీల చుట్టూ గట్టి చెక్క ముక్కలు కొట్టి నిటారుగా బిగిస్తే సరిపోతుంది.

ఇన్ని చేశాక కూడా ఒక్కసారికే మైదాలా రాదు. జల్లించి, పైన మిగిలిన బరకని మళ్లీ పోయండి. జొన్నపిండి వారానికి సరిపడానే విసురుకోండి. మొలకభాగంలోని నూనె పిండిలోనే ఉంటుంది కాబట్టి ఎక్కువ రోజులు ఉంటే చేదెక్కుతుంది.