గ్రేడ్ పెరుగుతుందన్న ఆశతో నాణేన్ని మళ్లీ పంపవచ్చా?

ప్రశ్న: 1881లో శాన్ ఫ్రాన్సిస్కో టంకశాలలో ముద్రించిన మోర్గాన్ వెండి డాలర్ ఒకటి నా సేకరణలో ఉంది. చాలాకాలం కిందట నాణేల స్థితిని చూసి అంకె వేసే ఒక గ్రేడింగ్ సంస్థ దానికి ఎం.ఎస్. 64 (ఎం.ఎస్. అంటే మింట్ స్టేట్, చలామణిలో అరగని స్థితి) గ్రేడ్ ఇచ్చి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి పంపింది. అప్పట్లో గ్రేడింగ్ కఠినంగా ఉండేదని, ఇప్పుడు డబ్బా పగలగొట్టి విడి నాణెంగా పంపితే తప్పకుండా 65 వస్తుందని తోటి సేకర్తలు చెబుతున్నారు. నాకు ఆ నాణేన్ని వెంటనే అమ్మే ఉద్దేశం లేదు. పంపమంటారా?

జవాబు: వద్దనే నా సలహా. మీ నాణెం 65కు తగదని నేను అనడం లేదు. నిజంగా తగినా మీకు మిగిలేది తక్కువ. 1881 శాన్ ఫ్రాన్సిస్కో డాలర్లు అచ్చు స్పష్టతకూ మెరుపుకూ పేరుపొందినవి. అంతేకాక, మోర్గాన్ డాలర్లన్నింటిలో మంచి స్థితిలో అత్యంత విరివిగా దొరికేవాటిలో అవీ ఒకటి. 65 గ్రేడులోనే కావలసినన్ని దొరుకుతున్నప్పుడు, 64 నుంచి 65కు ఎక్కినందువల్ల పెరిగే ధర గ్రేడింగ్ రుసుము, రానుపోను తపాలా, బీమా ఖర్చులను దాటి ఏపాటి మిగులుతుందో ముందుగా లెక్క వేసుకోవాలి.

ఆ లెక్క ఎలా వేయాలో ఊహాసంఖ్యలతో చెబుతాను. నాణెం ప్రస్తుత విలువ 100 అనుకుందాం. ఒక మెట్టు ఎక్కితే 180, ఒక మెట్టు దిగితే 70, పంపే ఖర్చు 30. ఇలాంటి నాణేలు నాలుగు పంపితే ఒకటి ఎక్కి, ఒకటి దిగి, రెండు ఉన్నచోటే ఉన్నాయనుకోండి. ఎక్కినదానిపై లాభం 80, దిగినదానిపై నష్టం 30, ఖర్చు 120, వెరసి 70 నష్టం. అదే పై గ్రేడు విలువ 180 కాక 600 అయితే, మిగతావన్నీ అలాగే ఉన్నా, 350 లాభం. అంటే నిర్ణయాన్ని శాసించేది నాణెం మీద మనకున్న నమ్మకం కంటే రెండు గ్రేడుల ధరల మధ్య ఉన్న అంతరమే. 1896 న్యూ ఆర్లీన్స్ డాలర్ 65 గ్రేడులో అత్యంత అరుదు. 1884 శాన్ ఫ్రాన్సిస్కో డాలర్ వాడినది సులువుగా దొరుకుతుంది కానీ వాడనిది దొరకడం కష్టం. ధరల అంతరం పెద్దదైన అటువంటి నాణెం రెండు గ్రేడుల సరిహద్దులో నిలిచి ఉంటే మళ్లీ పంపడం సబబే.

ఇక నాణెం నిజంగా సరిహద్దులో ఉందా అన్నది చూడాలి. విలియం షెల్డన్ 1949లో అమెరికా పాత పెద్ద సెంట్ల కోసం ప్రతిపాదించిన 1 నుంచి 70 వరకూ ఉన్న కొలబద్దనే నేటి సంస్థలు మార్పులతో వాడుతున్నాయి. అందులో 60 నుంచి పైవన్నీ చలామణిలో అరగని నాణేలకు చెందుతాయి. 64కూ 65కూ మధ్య తేడాను యంత్రం కొలవదు, గ్రేడర్ల కళ్లు నిర్ణయిస్తాయి. కాబట్టి అంచున ఉన్న నాణేనికి ఒకసారి 64, మరోసారి 65 రావడంలో వింత లేదు. మళ్లీ పంపే ఆట అంతా ఈ ఊగిసలాట మీదే నడుస్తోంది.

మోర్గాన్ డాలర్‌లో మొదట చూడవలసింది బొమ్మవైపు లిబర్టీ (స్వేచ్ఛాదేవి) చెంప. విశాలంగా, నున్నగా ఉండే ఆ భాగంలో సంచుల్లో నాణేలు ఒకదానికొకటి తగిలి పడిన గాటు ఒక్కటున్నా చూపు అక్కడికే పోతుంది. అదే గాటు జుట్టు పాయల్లోనో, బొరుసువైపు గద్ద ఈకల్లోనో ఉంటే అంతగా కనిపించదు. తరువాత ఒకే దీపం కింద నాణేన్ని మెల్లగా వంచి తిప్పండి. అసలు మెరుపు చెడని నాణెం మీద వెలుగు రేకలు బండిచక్రం ఆకుల్లా చుట్టూ తిరుగుతాయి. అవి చెవి పైనున్న జుట్టు దగ్గర గానీ, గద్ద రొమ్ము దగ్గర గానీ తెగిపోయినట్టు కనిపిస్తే అక్కడ ఒరిపిడి ఉందేమో అనుమానించాలి. చివరగా, అదే సంవత్సరపు 65 గ్రేడు నాణేలను వీలైనన్ని చూసి పక్కపక్కన పోల్చండి. మీది వాటిలో సగటు నాణెం కంటే మెరుగ్గా ఉంటే తప్ప, సరిగ్గా సమానంగా ఉన్నంత మాత్రాన పంపకండి. సొంత నాణెం లోపాలు మన కంటికి చిన్నవిగానే కనిపిస్తాయి. స్నేహితుల మెచ్చుకోలు ఆ దోషాన్ని పెంచుతుందే తప్ప తగ్గించదు.

డబ్బా పగలగొట్టమన్న సలహా మాత్రం నాకు బొత్తిగా నచ్చలేదు. డబ్బాలో ఉన్నంతవరకూ ఆ గ్రేడుకు సంస్థ ఇచ్చిన హామీ ఉంటుంది; పగిలిన క్షణంలో అది పోతుంది. విడి నాణేన్ని గ్రేడర్లు కొత్తగా చూస్తారు కనుక 63 రావచ్చు. అంతకంటే చేటు, ఎప్పుడో ఎవరో శుభ్రం చేసిన జాడ కనిపించి, గ్రేడు అంకె లేకుండా కేవలం లోపం పేరు రాసి తిరిగి రావచ్చు. కొందరు మెరుపు పెంచుదామని పంపేముందు రసాయనంలో ముంచుతారు. ముంచిన ప్రతిసారీ వెండి పైపొర కొంత కరిగి, పై మెరుపు తగ్గుతుంది. ఆ నష్టం తిరిగి రాదు.

తప్పనిసరిగా రెండో అభిప్రాయం కావాలంటే నాణేన్ని డబ్బాలోనే ఉంచి పునఃపరిశీలన కోరే సేవలున్నాయి; గ్రేడు తగ్గించబోమన్న షరతు నియమాల్లో ఉందో లేదో చదివాకే దరఖాస్తు చేయండి. 2007లో ఆరంభమైన సీఏసీ అనే పరిశీలన సంస్థ కూడా పీసీజీఎస్, ఎన్జీసీ అనే గ్రేడింగ్ సంస్థల డబ్బాల్లోని అమెరికా నాణేలను డబ్బా తెరవకుండానే పరిశీలిస్తుంది. గ్రేడుకు గట్టిగా తగిన నాణేనికి ఆకుపచ్చ గుర్తు, పై గ్రేడుకు తగినదనిపిస్తే బంగారు గుర్తు అంటిస్తుంది.

మీ డబ్బా ఎంత పాతదో కూడా చూసుకోండి. పీసీజీఎస్ తొలి ఏళ్లలో వాడిన డబ్బాల్లో నాణెం కదిలి గలగలమంటుంది. వాటి కోసమే వెతికి, నాణెం విలువ మీద అదనంగా చెల్లించే సేకర్తలున్నారు. అలాంటి డబ్బాను పగలగొట్టి 65 తెచ్చుకున్నా, పోగొట్టుకున్నది వచ్చినదానికంటే ఎక్కువ కావచ్చు. ఎలాగూ అమ్మే ఆలోచన లేదంటున్నారు కనుక ఈ పని ఇప్పుడే చేయవలసిన అవసరమూ లేదు.

ప్రశ్న: నేను డబ్బా తెరిచి పంపిన నాణేనికి గ్రేడు పెరిగింది. డబ్బాలో నాణెంతో పాటు ఉన్న, గ్రేడు రాసిన పాత చీటీ నా దగ్గరే ఉంది. పారేయవచ్చా?

జవాబు: పారేయకండి, దాన్ని జారీచేసిన సంస్థకు తిరిగి పంపండి. ఏ సంవత్సరపు నాణెం ఏ గ్రేడులో ఎన్ని ఉన్నాయో సంస్థలు లెక్క ప్రకటిస్తుంటాయి. పాత చీటీ తిరిగి రాకపోతే మీ ఒక్క నాణెమే ఆ పట్టికలో రెండు నాణేలుగా నిలిచిపోతుంది. సరిహద్దులో ఉన్న ఖరీదైన నాణేలనే జనం పదేపదే పంపుతారు కాబట్టి, అరుదైన నాణేల దగ్గరే ఆ లెక్క ఎక్కువగా తప్పుతుంది. పంపేముందు చీటీకి రెండువైపులా ఫోటో తీసి, ధ్రువపత్రం సంఖ్యతో పాటు నాణెం వివరాల్లో భద్రపరచుకోండి.