గ్రీన్‌కార్డు మీద కొత్తగా వచ్చినవాళ్లం, మాకు ఈఐటీసీ వస్తుందా?

వస్తుందండి. ఈఐటీసీ అంటే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ టాక్స్ క్రెడిట్, తక్కువ సంపాదన ఉన్న ఉద్యోగస్తులకు పన్ను రిటర్న్ వేసినప్పుడు రిఫండ్‌గా వచ్చే డబ్బు. మీరు రాసినదాన్ని బట్టి 2024 ఆగస్టులో మీ ఇద్దరూ, ఇద్దరు పిల్లలూ గ్రీన్‌కార్డు మీద న్యూజెర్సీ వచ్చారు. మీవారు గ్యాస్ స్టేషన్‌లో, మీరు గ్రాసరీ స్టోర్‌లో చేస్తున్నారు. 2025లో ఇద్దరిదీ కలిపి 42 వేల డాలర్లు. మీ బంధువు క్లెయిమ్ చేయమంటున్నారు, మీవారేమో గవర్నమెంటు సాయం మనకెందుకు అంటున్నారు.

ముందు మీవారి మాటకే జవాబు చెప్తాను. మేమూ అన్నయ్య పిటిషన్ మీద వచ్చినవాళ్లమే, మా ఇంట్లోనూ ఇదే వాదన నడిచింది. ఇది 1975 నుంచీ ఉన్న పన్ను క్రెడిట్. పనిచేసి సంపాదించినవాళ్లకే వస్తుంది, సంపాదన లేకపోతే సున్నా. మన పే చెక్కులో ఇన్‌కమ్ టాక్స్ పడకపోయినా సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం మొదటి డాలరు నుంచే పోతుంది కదా, ఆ బరువు తగ్గించడం కూడా దీని ఉద్దేశమే. ఇందులో మొహమాటపడాల్సింది ఏమీ లేదు.

ఇక లెక్క. 2025కి ఇద్దరు పిల్లలుంటే గరిష్ఠంగా 7,152 డాలర్లు. భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 30,470 దాటాక తగ్గుతూ వచ్చి 64,430 దగ్గర ఆగిపోతుంది. మీ 42 వేలకి సుమారు 4,700 రావాలి. దాని మీద న్యూజెర్సీ రాష్ట్రం అందులో 40 శాతం విడిగా ఇస్తుంది, అంటే మరో 1,900 దాకా. చైల్డ్ టాక్స్ క్రెడిట్ వేరే. శని, ఆదివారాల్లో చేతికిచ్చే క్యాష్ ఏమైనా ఉంటే అదీ చూపించాలి, అప్పుడు ఈ లెక్క కాస్త మారుతుంది.

మీ బంధువు 2024కి కూడా పెట్టేయమన్నారన్నారు. అది మాత్రం వద్దు. ఆ ఏడాది మీ పిల్లలు అమెరికాలో సగం కంటే ఎక్కువ రోజులు లేరు. రూల్స్ పట్టించుకోకుండా పెట్టారని తేలితే రెండేళ్లు, మోసమని తేలితే పదేళ్లు ఈ క్రెడిట్ ముట్టుకోనివ్వరు. 2025 వేసవిలో చిన్నపాపను అమ్మమ్మ దగ్గర నెల్లూరులో మూడు నెలలు ఉంచామన్నారు, సెలవులకు వెళ్లి వచ్చింది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ మీ ఇద్దరి డ్యూటీలు కుదరడం లేదని ఏడాదిపాటు అక్కడే వదిలేస్తే ఆ పాప లెక్కలోకి రాదు. మనవాళ్లలో చాలామందికి దెబ్బ పడేది ఇక్కడే.

మాకు ఒక ఏడాది ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) నుంచి ఉత్తరం వచ్చింది, పెద్దబాబు మీ ఇంట్లోనే ఉన్నాడని రుజువు పంపమని. కంగారు పడకండి, వాళ్లు అడిగేది కాగితాలే. స్కూల్ ఆఫీసులో మొదట ఇచ్చిన లెటర్‌లో 'మా విద్యార్థి' అని ఉంది తప్ప ఇంటి అడ్రసు లేదు, తేదీలూ లేవు. లెటర్‌హెడ్ మీద బాబు పేరు, మా పేర్లు, అడ్రసు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నీ రాయించి, పిల్లల డాక్టరు దగ్గర కూడా అలాంటిదే తీసుకుని రెండూ పంపాం. ఆపి ఉంచిన డబ్బు వచ్చేసింది. స్కూల్లో ఇప్పుడే మీ అడ్రసు సరిగ్గా ఉందో లేదో చూసుకోండి.

రిటర్న్ వేసిపెట్టి రిఫండ్‌లో 15 శాతం అడిగేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. రిఫండ్‌లో వాటా అడిగేవాడికి మీ రిఫండ్ ఎంత పెంచి చూపిస్తే అంత లాభం, రేపు ఐఆర్ఎస్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మీరు. డబ్బు తీసుకుని రిటర్న్ వేసి, దాని మీద సంతకం పెట్టనివాళ్లకైతే అసలు ఇవ్వద్దు. వీటా అని ఐఆర్ఎస్ శిక్షణ ఇచ్చిన వాలంటీర్లు లైబ్రరీల్లో, కమ్యూనిటీ సెంటర్లలో పైసా తీసుకోకుండా చేసిపెడతారు, మీ ఆదాయానికి సరిపోతుంది. మేం అక్కడే చేయించుకుంటాం.

జనవరిలోనే ఫైల్ చేసినా చట్టం ప్రకారం ఫిబ్రవరి మధ్య దాకా ఈ రిఫండ్ వదలరు, కాబట్టి ఆ డబ్బు నమ్ముకుని ఫిబ్రవరి అద్దె పెట్టుకోకండి. వీటాకి వెళ్లేటప్పుడు ఇద్దరూ కలిసే వెళ్లాలి, జాయింట్ రిటర్న్‌కి ఇద్దరి సంతకాలూ కావాలి. నలుగురి సోషల్ సెక్యూరిటీ కార్డులు, మీ ఇద్దరి ఫొటో ఐడీలు, డబ్ల్యూ-2లు (పనిచేసే చోట ఏడాది జీతం, కోసిన పన్ను చూపిస్తూ ఇచ్చే కాగితాలు), బ్యాంకు అకౌంట్ నంబరు పట్టుకెళ్లండి.