అది వైరస్ కాదండీ, ఎవరో ఎప్పుడో నొక్కిన "అలౌ" బటన్

ప్రశ్న: మా నాన్నగారి ఫోన్‌లో రోజంతా "మీ ఫోన్‌లో 4 వైరస్‌లు ఉన్నాయి", "మీకు బహుమతి తగిలింది" అంటూ క్రోమ్ గుర్తుతో నోటిఫికేషన్లు వస్తున్నాయి. యాంటీవైరస్ వేసినా పోలేదు. ఎలా తీసేయాలి? మళ్ళీ రాకుండా ఏం చేయాలి?

ముందు నాన్నగారిని తిట్టడం ఆపండి. తిట్టలేదంటారా, సంతోషం. నేను తిట్టాను, మా పెద్దనాన్నని. "ఏవేవో నొక్కేస్తారు, తర్వాత మా ప్రాణం తీస్తారు" అని ఫోన్‌లోనే అరిచాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఎందుకో చివరిదాకా చదివితే మీకే తెలుస్తుంది.

మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. పెద్దనాన్న హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు, 72 ఏళ్ళు. ఇప్పటికీ ఆయన ఎదురొస్తే చేతిలో బీడీ వెనక్కి దాచుకునేవాళ్ళు ఊళ్ళో ఉన్నారు. అలాంటి మనిషి మా చెల్లెలి నిశ్చితార్థం రోజున, పంతులుగారు రాసిచ్చిన ముహూర్తాల కాగితం ఫోటో తీసి పెట్టుకున్నారు కదా, అది చూపిద్దామని ఫోన్ మగపెళ్ళివారి పెద్దాయన చేతికిచ్చారు. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదువుతుండగా పైనుంచి జారింది ఒక నోటిఫికేషన్. బట్టలు సగమే ఉన్న ఒక అమ్మాయి బొమ్మ, పక్కన "మీకు 2 కిలోమీటర్ల దూరంలో ఒంటరిగా ఉన్నాను". ఆయన మర్యాదస్థుడు, ఏమీ అనకుండా కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని ఫోన్ తిరిగిచ్చేశారు. పక్కనే పళ్ళెం పట్టుకుని నిలబడ్డ మా పెద్దమ్మ చూడనే చూసింది. మా ఇంటికి 2 కిలోమీటర్ల లోపల ఉన్నవి చేపల చెరువులు, ఒక రైస్ మిల్లు, ఆ మిల్లులో గుమస్తా. ఇంకెవరూ లేరు. కానీ అలాంటప్పుడు ఆ లెక్క ఎవరికి గుర్తొస్తుంది?

ఆ రాత్రి పెద్దమ్మ నాకు ఫోన్ చేసి, గొంతు బాగా తగ్గించి, "మీ పెద్దనాన్న ఏం చూస్తున్నారో ఏమో నాయనా, నువ్వోసారి కనుక్కో" అంది. నేను హైదరాబాద్‌లో ఆఫీసు పనిలో మునిగి ఉన్నాను, కనుక్కోవడం మానేసి పైన చెప్పిన అరుపు అరిచాను. పాపం ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు తనే బస్సెక్కి టౌన్‌కెళ్ళి సెల్ షాపులో చూపించారు. ఆ కుర్రాడు "వైరస్ పట్టింది మాస్టారూ" అని 200 తీసుకుని రెండు క్లీనర్ యాప్‌లు వేసి పంపాడు. ఇంటికొచ్చేసరికి పాత నోటిఫికేషన్లు పాతవే, వాటికి తోడు ఈ క్లీనర్లు ఫోన్ తెరిచినప్పుడల్లా స్క్రీన్ నిండా యాడ్ చూపించడం మొదలుపెట్టాయి. మళ్ళీ వెళ్తే "అయితే సాఫ్ట్‌వేర్ కొట్టాలి మాస్టారూ, 600 అవుతుంది, ఫోటోలు పోతాయి" అన్నాడట. మనవరాలి అన్నప్రాశన ఫోటోలు అందులోనే ఉన్నాయని ఆయన వద్దని వచ్చేశారు. అది మాత్రం మంచి పని చేశారు. ఒకవేళ కొట్టించినా ఏమయ్యేది? నాలుగు రోజులు బాగుండేది, ఐదో రోజు పొద్దున్నే ఈయన మళ్ళీ అదే పంచాంగం సైట్ తెరిచేవారు, నోటిఫికేషన్లు పంపమంటారా అని ఆ సైట్ అడిగే పెట్టె మళ్ళీ వచ్చేది, మళ్ళీ అలౌ నొక్కేవారు.

సంక్రాంతికి వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని ఫోన్ తీసుకున్నాను. నేను కూర్చున్న ఐదు నిమిషాల్లో మూడు వచ్చాయి. మీరూ ఇది చేసి చూడండి: నోటిఫికేషన్ మీద పొరపాటున కూడా నొక్కకుండా, పైన సన్నటి అక్షరాలు చూడండి. క్రోమ్ అని ఉండి, పక్కనే ఏదో సైట్ పేరు ఉంటుంది. అర్థం పర్థం లేని అక్షరాలు, చివర డాట్ టాప్, డాట్ ఎక్స్‌వైజెడ్ లాంటి తోక. అదే దొంగ చిరునామా. ఆ నోటిఫికేషన్‌ని వేలితో కాసేపు అదిమి పట్టుకుంటే దాన్ని ఆపేసే మీట కనిపిస్తుంది. కొన్ని ఫోన్లలో ఇప్పుడు కిందనే "అన్‌సబ్‌స్క్రైబ్" అని కూడా ఇస్తున్నారు. అయితే ఇలా ఒక్కొక్కటీ ఆపుతూ కూర్చుంటే పండగ అయిపోతుంది. అసలు చోటికి వెళ్ళాలి: క్రోమ్ తెరిచి మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అలౌ చేసిన సైట్ల జాబితా ఉంటుంది.

పెద్దనాన్న ఫోన్‌లో 27 ఉన్నాయి. రాశిఫలాలు, పంచాంగం, మినుముల ధర, ఇంటర్ రిజల్ట్స్ (మా బాబాయి కూతురి కోసం, అసలు సైట్ తెరుచుకోక దొరికిన ప్రతి సైట్‌లోనూ హాల్ టికెట్ నంబర్ కొట్టారు), అడంగల్ కోసం వెతికితే దొరికిన ఒక నకిలీ సైట్, సీరియల్ ఎపిసోడ్లవి ఒక నాలుగు (అవి పెద్దమ్మవి), ఇంకా ఎవరివో తెలియనివి బోలెడు. ఇన్ని సైట్లకి ఎందుకు ఒప్పుకున్నారని అడిగాను, ఈసారి గొంతు పెంచకుండానే.

"ఆ పెట్టెలో రెండే ఉంటాయి కదరా, అలౌ అని, బ్లాక్ అని. బ్లాక్ నొక్కితే ఏది బ్లాక్ అవుతుందో అని భయం" అన్నారు.

నేను రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేకపోయాను. ఆలోచించండి, మన పెద్దవాళ్ళు బ్లాక్ అనే మాట ఎక్కడ విన్నారు? "మీ ఏటీఎం కార్డు బ్లాక్ అయిపోతుంది", "మీ సిమ్ బ్లాక్ అయిపోతుంది" అని భయపెట్టే ఫోన్ కాల్స్‌లో. ఆ మాట వింటేనే గుండెల్లో రాయి పడేలా చేశారు, ఇటు బ్రౌజర్ వాళ్ళు తీసుకెళ్ళి అదే మాటని కాపాడే బటన్ మీద రాశారు. 35 ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మాస్టారికే ఆ సందేహం వస్తే మిగతావాళ్ళ సంగతేంటి? పోనీ ఫోన్ తెలుగులో పెడితే బాగుంటుందా అంటే అక్కడ "అనుమతించు" అని ఉంటుంది, అది చూస్తే ఎవరో గుమ్మంలో నిలబడి వినయంగా అడుగుతున్నట్టుంటుంది, మర్యాద తెలిసినవాడు కాదనలేడు.

పైగా ఆ దొంగ సైట్లు ఊరికే అడగవు. "మీరు రోబో కాదని నిరూపించుకోవడానికి అలౌ నొక్కండి", "వీడియో చూడాలంటే అలౌ నొక్కండి" అని పేజీ నిండా రాసి బాణం గుర్తు కూడా వేస్తాయి. బ్లాక్ నొక్కితే పేరు కొంచెం మార్చుకున్న ఇంకో పేజీకి తీసుకెళ్ళి మళ్ళీ అడుగుతాయి. ఒక్కసారి ఒప్పుకుంటే పాలఖాతా పెట్టినట్టే. మనం ఆ సైట్‌కి మళ్ళీ వెళ్ళక్కర్లేదు, రోజూ గుమ్మంలోకి అదే వస్తుంది. యాంటీవైరస్‌కి ఏమీ దొరకదు, ఎందుకంటే ఫోన్‌లోకి దొంగ ఎవరూ దూరలేదు, మనమే పిలిచి కూర్చోబెట్టాం. హిస్టరీ తుడిచినా ఆ అనుమతి పోదు.

కాబట్టి ఆ జాబితాలో ఉన్న ఒక్కో సైట్ మీద నొక్కి దాన్ని బ్లాక్ చేయండి. తర్వాత ఆ పేజీ పైనున్న మీట కూడా ఆపేయండి, అప్పుడు ఇకమీదట కొత్త సైట్ ఏదీ ఆ ప్రశ్నే అడగదు. రెండూ చేయాలి, ఇక్కడే అందరూ పొరబడతారు. మీట ఒక్కటే ఆపితే ఇంతకుముందు ఒప్పుకున్నవి అలాగే వస్తుంటాయి. కంప్యూటర్‌లో కుడివైపు కింద మూలన వచ్చేవి కూడా ఇవే, అక్కడ ప్రైవసీ అండ్ సెక్యూరిటీ లోపల సైట్ సెట్టింగ్స్ ఉంటుంది. ఫోన్‌తో పాటు వచ్చిన ఇంకో బ్రౌజర్ ఉంటే అందులోనూ చూడండి. క్లీనర్, బూస్టర్, బ్యాటరీ డాక్టర్ లాంటి యాప్‌లు ఏమున్నా తీసేయండి, వాటితో ఒక్క ఉపయోగం లేదు, ఈ విషయంలో నాతో వాదించకండి. ఆ నోటిఫికేషన్లు నొక్కి ఎక్కడైనా డబ్బు కట్టి ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇక నా కడుపుమంట. ఈ సదుపాయం క్రోమ్‌లోకి 2015లో వచ్చింది. అసలు ఎవరడిగారండీ? మెయిల్ సైట్‌కో చాట్ సైట్‌కో కావాలి, ఒప్పుకుంటాను. రాశిఫలాల సైట్‌కి నా ఫోన్ మోగించే హక్కు ఎందుకు? ఫైర్‌ఫాక్స్ వాళ్ళు పరిశీలించి చూస్తే ఇలా అడిగిన పెట్టెల్లో దాదాపు 99 శాతం ఎవరూ ఒప్పుకోనివేనట. అందుకే 2020 జనవరి నుంచి వాళ్ళ బ్రౌజర్‌లో ఆ పెట్టె దానంతట అది పైకి రావడం మాన్పించేశారు. క్రోమ్ కూడా అదే ఏడాది కొంత తగ్గించింది, కానీ కొంతే. ఐఫోన్‌లో అయితే సైట్‌ని హోమ్ స్క్రీన్ మీదకి తెచ్చుకుంటే తప్ప అది అడగడానికే వీల్లేదు, అదీ 2023లోనే వచ్చింది. నూటికి 99 సార్లు ఎవరూ ఒప్పుకోనిదాన్ని ఇంకా ఎందుకు మోస్తున్నారంటే ఆ మిగిలిన ఒక్కటి కోసం. ఆ ఒక్కటి ఎవరో కాదు, మా పెద్దనాన్న, మీ నాన్నగారు. మన తెలుగు వార్తల సైట్లు తక్కువ తిన్నాయా? వార్త మొదటి వాక్యం చదవకముందే పెట్టె, దాన్ని తీసేస్తే కింద ఇంకో పెట్టె, మధ్యలో వీడియో, వార్త ఎక్కడుందో వెతుక్కోవాలి.

సరే, సిగ్గేస్తుందన్నాను కదా. ఆ 27 సైట్లలో నిశ్చితార్థం రోజు పరువు తీసిన సైట్ ఏదా అని ఒక్కొక్కటీ చూస్తున్నాను. పెద్దమ్మ కోపంతో తీయించి పెట్టిన స్క్రీన్‌షాట్ ఒకటి ఉంది, అందులో సైట్ పేరు ఉంది. జాబితాలోనూ ఉంది. ఆ పేరు నాకు బాగా తెలుసు. అంతకుముందు ఏడాది సంక్రాంతికి నా డేటా అయిపోతే పెద్దనాన్న ఫోన్ తీసుకుని ఇదే అరుగు మీద కూర్చుని ఫ్రీగా క్రికెట్ మ్యాచ్ చూశాను. వీడియో రావాలంటే అలౌ నొక్కమంటే చూడకుండా నొక్కేశాను. కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నానని ఊళ్ళో చెప్పుకునేవాణ్ణి.

పెద్దనాన్న తప్పేమీ లేదని పెద్దమ్మకి అప్పుడే చెప్పేశాను. మ్యాచ్ సంగతి మాత్రం ఇక్కడే మొదటిసారి రాస్తున్నాను, ఆవిడ ఇలాంటివి చదవదు.

పెద్దనాన్నకి ఆరోజు కాగితం మీద పెద్ద అక్షరాలతో "ఏది అడిగినా బ్లాక్" అని రాసిచ్చాను. ఆయన మాస్టారు కదా, రాసిచ్చింది తు.చ. తప్పకుండా పాటిస్తారు. గత నెల కొత్త ఫోన్ కొన్నారు. వాట్సాప్ కెమెరాకి అనుమతి అడిగితే వద్దన్నారు, మైకుకి అడిగితే వద్దన్నారు. రెండు రోజులు మా అక్క కూతురు వీడియో కాల్ చేసి నల్లటి స్క్రీన్ చూసి "తాతయ్య ఏడి" అని ఏడ్చింది. ఆదివారం ఫోన్‌లో దారి చెబుతూ ఆ రెండూ విప్పించేసరికి నాకు ముప్పావు గంట పట్టింది.