ప్యారిస్‌లో ఇంగ్లిష్ పాఠాలు చెప్పి ఇల్లు గడుస్తుందా?

మీ వారికి ప్యారిస్ పక్కన ఆఫీసులుండే లా డిఫాన్స్‌లో ఉద్యోగం వచ్చిందని, మీరు ఎం.ఏ. ఇంగ్లిష్, బి.ఎడ్. చేశారని, ప్యారిస్‌లో ఇంగ్లిష్ చెప్పి సొంతంగా సంపాదించుకోవచ్చా అని అడిగారు. మీ చేతి ఖర్చులకు తప్పకుండా వస్తాయి. దాని మీదే అద్దె కట్టి బతకాలంటే మాత్రం ఇంటర్వ్యూలో గంటకు ఎంతిస్తారని అడిగి ఊరుకోకండి. ఆగస్టులో ఎంతిస్తారో కూడా అడగండి.

నేనూ భర్త ఉద్యోగం వెంట వచ్చినదాన్నే. గుంటూరులో ఇంటర్ పిల్లలకు ఇంగ్లిష్ చెప్పేదాన్ని. మీకు టాలెంట్ పర్మిట్ మీద వచ్చినవాళ్ళ భార్య/భర్తకు ఇచ్చే టాలెంట్ ఫ్యామిలీ కార్డు వస్తుంటే జీతానికి చేరొచ్చు, సొంతంగానూ చేసుకోవచ్చు. కాబట్టి మీ వారి పర్మిట్ ఏ రకమో ముందు కనుక్కోండి. స్టూడెంట్ వీసా వాళ్ళకు ఏడాదికి 964 గంటలే, అదీ జీతం మీదే.

ఇక్కడ ముందుగా దొరికేది కంపెనీలకు ట్రైనర్లను పంపే శిక్షణ సంస్థల పని. గంటకు 20 యూరోల చుట్టూ ఇస్తారు, కోతలకు ముందు. దాన్ని రూపాయల్లోకి మార్చుకుని మురిసిపోకండి. క్లాసులన్నీ పొద్దున తొమ్మిది లోపు, మధ్యాహ్నం భోజనం వేళ, సాయంత్రం ఆరు తర్వాత. మధ్యలో మెట్రోలో తిరగడం, కాఫీ షాపులో కూర్చుని రేపటి పాఠం తయారు చేసుకోవడం. ఆ గంటలకు ఎవరూ ఇవ్వరు. వారానికి 20 గంటల పాఠాలంటే రోజంతా బయటే. పైగా స్కూళ్ళకు ఆరేడు వారాలకోసారి రెండు వారాల సెలవులు, మే నెల నిండా పండగలు, జూలై మధ్య నుంచి సెప్టెంబర్ దాకా ఊరు ఊరంతా ఖాళీ. ఏడాదికి గట్టిగా 34 వారాలు పని దొరికిందనుకుందాం. మొత్తం 13,600 యూరోలు. కోతలు పోను నెలకు సగటున 900 లోపే పడుతుంది. 2025లో ఇక్కడి కనీస వేతనం చేతికి 1,426 వస్తుంటే, పాఠాలు చెప్పే మనకు అంతకన్నా తక్కువన్నమాట! పదిహేను చదరపు మీటర్ల గదికే ఏడెనిమిది వందలు అడిగే ఊరు ఇది. ఇంటి ఓనర్లు అద్దెకు మూడింతల జీతం, పర్మనెంట్ కాంట్రాక్టు చూపించమంటారు. గంటల లెక్కన జీతమొచ్చే మన పే స్లిప్ చూస్తే మొహం చిట్లిస్తారు. ఇల్లు మీ వారి పేరు మీద దొరుకుతుంది కాబట్టి మీకా తలనొప్పి లేదు. ఒంటరిగా వచ్చే వాళ్ళకు అసలు గండం ఇదే.

ఇంకో సంగతి. చాలా సంస్థలు 'మైక్రో ఆంత్రప్రెన్యూర్‌గా (అంటే సొంతంగా బిల్లు ఇచ్చి పనిచేసే వాళ్ళుగా) రిజిస్టర్ చేసుకోండి, గంటకు 28 ఇస్తాం' అంటాయి. వినడానికి బాగుంటుంది. అందులో 24.6 శాతం (2025 లెక్క) మీరే యుర్సాఫ్‌కు, అంటే సామాజిక భద్రత చందాలు వసూలు చేసే సంస్థకు కట్టాలి. నవిగో అనే మెట్రో, బస్సు నెల పాస్‌లో (2025లో 88.80 యూరోలు) సగం కంపెనీ ఇచ్చేది, అదీ పోతుంది. వీటన్నిటికన్నా పెద్ద దెబ్బ నిరుద్యోగ భృతి లేకపోవడం. జీతం మీద రెండేళ్ళలో 910 గంటలు చేసిన వాళ్ళు పని పోయినప్పుడు ఫ్రాన్స్ త్రవాయ్ అనే సర్కారు ఉపాధి కార్యాలయం దగ్గర భృతికి అడగొచ్చు. సొంత బిల్లు మీద చేసిన గంటలు ఆ లెక్కలోకి రావు. తక్కువైనా సరే, మొదటి రెండేళ్ళు జీతం కాంట్రాక్టే తీసుకోండని నా సలహా.

మన యాస గురించి అడిగారు. 'నేటివ్ కావాలి' అనే మాట ఇక్కడ ఇప్పటికీ వినిపిస్తుంది, దానికి టెన్షన్ పడకండి. ఒక డెమో క్లాస్ ఇవ్వమనండి చాలు. లా డిఫాన్స్‌లో నా దగ్గర ఒక ఇంజనీరు ఉండేవాడు. పన్నెండున్నరకి మీటింగ్ రూమ్‌లో క్యారెట్ తురుము డబ్బా తెరిచి తింటూనే పాఠం వినేవాడు. అతని బాధ లండన్ వాళ్ళతో కాదు, బెంగళూరు టీమ్‌తో. కాల్‌లో అందరూ 'యస్ యస్, విల్ డూ' అంటారు, శుక్రవారానికి పని అవదు. నేను బెంగళూరు మేనేజర్ వేషం కట్టి గబగబా మాట్లాడేదాన్ని. అతను 'ఎవరు చేస్తారు? గురువారం మధ్యాహ్నమా, సాయంత్రమా?' అని ఆపి అడగడం నేర్చుకున్నాడు. ఈ పని లండన్ నుంచి వచ్చిన ట్రైనర్ చేయలేడు. మన దేశంలో టీములున్న కంపెనీలు ఇక్కడ బోలెడు, సీవీలో ఈ విషయం మొదట్లోనే రాసుకోండి.

టోయిక్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోచింగ్ కూడా మనకు కలిసొచ్చేదే. ఇక్కడ ఇంజనీరింగ్ డిగ్రీ చేతికి రావాలంటే ఇంగ్లిష్‌లో బీ2 స్థాయి (యూరప్ వాళ్ళ భాషా కొలతలో ఒక మెట్టు) చూపించాలి, టోయిక్‌లో అది 990కి 785. రెండు గంటల్లో 200 ప్రశ్నలు, అన్నీ బిట్లే. ఎంసెట్ చూసిన మనకు బిట్లు కొట్టించడం వెన్నతో పెట్టిన విద్య. ఇంజనీరింగ్ కాలేజీల్లో గంటకు రేటు కూడా మెరుగు. యూనివర్సిటీల్లో గంటకు 40 యూరోలు దాటి ఇస్తారు కానీ, ప్రధానమైన పని ఇంకొకటి ఉందని కాగితం చూపించాలి. డబ్బు ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. సెప్టెంబర్‌లో మొదలుపెట్టిన క్లాసులకు నాకు ఒకచోట వసంతంలో పడింది.

పిల్లలకు చెప్పడం ఎక్కువగా బడి తక్కువుండే బుధవారాల పని. మిగతా రోజుల్లో నాలుగున్నరకి స్కూల్ నుంచి తీసుకొచ్చి, తినడానికి పెట్టి, ఇంగ్లిష్‌లో మాట్లాడించే ఉద్యోగాలు చాలా ఉంటాయి. నిజం చెప్పాలంటే అది ఆయా పనే, జీతమూ అలాగే ఉంటుంది. ట్యూషన్ వేరు. స్కూల్ చదువుకు సంబంధించిన పాఠం వాళ్ళింటికే వెళ్ళి చెబితే, ఇంట్లో పనిచేసే వాళ్ళ జీతాన్ని సర్కారుకు చూపించే సెసు పద్ధతిలో జీతం చూపిస్తే, తల్లిదండ్రులకు ఖర్చులో సగం పన్ను నుంచి తిరిగొస్తుంది. అందుకే 30 అడగడానికి మొహమాటపడకండి.

నాకు కుదురు దొరికింది మాత్రం సర్కారు బడిలో. మనలా యూరప్ బయటి దేశాల వాళ్ళకు పర్మనెంట్ పోస్టు రాదు కానీ, కాంట్రాక్ట్ టీచర్‌గా తీసుకుంటారు. ప్యారిస్ నగరంలో కష్టం. పక్కనే ఉన్న క్రెటై, వెర్సాయ్ అకాడమీల్లో (అంటే విద్యాశాఖ ప్రాంతాల్లో) టీచర్ల కొరత ఎప్పుడూ ఉండేదే. వారానికి 18 గంటల బోధన. ఏడాది కాంట్రాక్టు అయితే ఆగస్టు 31 దాకా జీతం వస్తుంది. సెలవుల్లోనూ జీతం పడటం చూశాకే నాకు ఉద్యోగం చేస్తున్నట్టు అనిపించింది. పిల్లల అల్లరి బాగా ఉంటుంది, స్టాఫ్ రూమ్‌లో అంతా ఫ్రెంచే. అల్లరి పిల్లవాడి తండ్రితో ఫోన్‌లో ఫ్రెంచ్‌లో మాట్లాడగలిగేంత భాష రావాలి. కాబట్టి వచ్చిన మొదటి ఏడాది పాఠాలు తక్కువ పెట్టుకుని, ఫ్రెంచ్ మీద ఎక్కువ కూర్చోండి. మేరీ ద పరీ (ప్యారిస్ నగరపాలిక) వాళ్ళ సాయంత్రం కోర్సులు బయటితో పోలిస్తే చవక, సీట్లు త్వరగా అయిపోతాయి.

బయల్దేరే ముందు డిగ్రీలు, మార్కుల జాబితాలు అపోస్టీల్ (విదేశాల్లో చెల్లేలా వేసే సర్కారు ముద్ర) చేయించుకోండి. పనిచేసిన కాలేజీ నుంచి తేదీలు, వారానికి ఎన్ని గంటలు చెప్పారో రాసిన ఎక్స్‌పీరియన్స్ లెటర్ తెచ్చుకోండి. గంటలు రాయకపోతే ఇక్కడి నుంచి ప్రిన్సిపాల్ గారికి ఫోన్లు చేస్తూ కూర్చోవాలి. అనువాదం అడిగిన చోట ఇక్కడి ప్రమాణ అనువాదకుల చేతే చేయించాలి, మన డిగ్రీ ఇక్కడి ఏ స్థాయికి సరితూగుతుందో చెప్పే పత్రానికి, విదేశీ డిగ్రీలను చూసే ఎనిక్ నారిక్ సైట్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి నెలలు పడుతుంది, దిగిన వారంలోనే పెట్టేయండి.