నల్లద్వారం దగ్గర మొదలుపెట్టు

అమ్మాయీ, ఆశీస్సులు.

జర్మనీలోని ట్రియర్ నగరం మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. కానీ మొదటి మూడు పేజీలూ రోమన్ చక్రవర్తుల పేర్లే. అగస్టస్, కాన్‌స్టాంటైన్, గ్రేషియన్ వరసగా వచ్చి పోయారు. మోసెల్ నది ఒడ్డున ఉన్న ఊరు మాత్రం నాకెక్కడా కనపడలేదమ్మా.

పోర్టా నిగ్రా, అంటే నల్లద్వారం, ఆ ఊరి గోడకి రోమన్లు కట్టిన ద్వారం. దాని ఫోటో పెద్దది చేసి చూడు. ఆ ఇసుకరాళ్ల మధ్య సున్నం లేదు. రాయికీ రాయికీ ఇనుప కొక్కేలు వేసి బిగించారు. తర్వాతి కాలంలో జనం ఆ ఇనుము కోసం రాళ్లు తొలిచేశారు. ఆ గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. కొన్ని స్తంభాలు నునుపు చెయ్యకుండానే వదిలేశారు, అంటే పని సగంలో ఆగిపోయింది. ఊరి గోడ పునాదిలో దొరికిన కొయ్యని బట్టి ఆ చెట్టును క్రీ.శ. 169-170 చలికాలంలో నరికారని తేలింది. నీ మొదటి పేరా ఇక్కడుంది.

మిగతా రోమన్ ద్వారాలను రాళ్ల కోసం కూల్చేశారు. ఇదొక్కటే ఎందుకు నిలిచింది? సిమియన్ అనే గ్రీకు సన్యాసి ఇందులో ఒంటరిగా తలుపులు మూసుకుని బతికాడు. 1035లో ఆయన పోయాక దీన్ని చర్చిగా మార్చారు. చర్చి కాబట్టి ఎవరూ చెయ్యి వెయ్యలేదు. 1804లో నెపోలియన్ ఆ చర్చిని తీసేయమన్నాడు. ఈ కథని నువ్వు ఒక్క వాక్యంలో దాటేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. దీనికి రెండు పేజీలివ్వు.

'రోమ్ కంటే 1300 ఏళ్లు పాత ఊరు' అని రాశావు. అది మార్కెట్ దగ్గర ఒక ఇంటి గోడమీద లాటిన్‌లో ఉన్న మాట, ఊరివాళ్లు చెప్పుకునే గొప్ప. కొట్టెయ్యొద్దు, ఊరివాళ్ల గొప్పగానే చెప్పు. దాని పక్కనే మోసెల్ మీద తొలి రోమన్ వంతెన కొయ్యలు క్రీ.పూ. 18-17 నాటివని రాయి.

1993లో పార్కింగ్ కోసం తవ్వుతుంటే 2,500కు పైగా బంగారు నాణేలు బయటపడ్డాయి కదా, వాటి బరువు ఒక్కటే చెప్పి ఊరుకున్నావు. దాచినవాడు తిరిగి రాలేదు. ఆ మనిషి గురించి కాసేపు ఆలోచించి, తిరగరాసి పంపు.