ఏడో నెలలో మలేరియా, బిడ్డకి వస్తుందా?

తమ్ముడూ, కావలిలో మీ ఆవిడకి ఏడో నెలలో వైవాక్స్ రకం మలేరియా అని తేలింది, కడుపులో బిడ్డకీ ఎక్కుతుందా అనే కదా నీ టెన్షన్. మాయ దాటి వెళ్లొచ్చు కానీ అరుదు, దానికంటే ఆమెకి రక్తం తగ్గడం, బిడ్డ బరువు తక్కువగా పుట్టడం ఎక్కువ చూసుకోవాలి. క్లోరోక్విన్ అనే మలేరియా మందు కడుపుతో ఉన్నవాళ్లకీ ఇస్తారు, 3 రోజులూ పూర్తిగా వేయించు. ప్రైమాక్విన్ మాత్రం ఇప్పుడు వద్దే వద్దు, మందుల షాపువాడు చేతిలో పెట్టినా సరే. అది కాలేయంలో దాక్కున్న క్రిమిని చంపే మందు, ఇప్పుడు వాడలేం కాబట్టి ఆ క్రిమి మళ్లీ లేవొచ్చు, చలిజ్వరం తిరగబెడితే వెంటనే రక్తపరీక్ష.

కాన్పు చేసే డాక్టర్‌కి ఈ సంగతి ముందే చెప్పి పెట్టు. ఒంగోల్లో మా అక్కకీ కడుపుతో ఉన్నప్పుడు ఇలాగే మలేరియా వస్తే చెప్పలేదు. పాప పుట్టినప్పుడు బాగానే ఉంది, రెండు వారాలకి ఒళ్లు కాలిపోతూ పాలు పట్టడం మానేసింది, ఇంట్లోవాళ్లేమో దిష్టి అని ఎండుమిరపకాయలు తిప్పారు, చివరికి మడమలో సూది గుచ్చి గాజుపలక మీద చూస్తే మలేరియా. మందుకి లొంగింది. పాలు ఆపొద్దు, పాల ద్వారా రాదు.