క్లారినెట్టు పట్టుకుని అమెరికా వస్తున్న తమ్ముడికి

పాలకొల్లు దగ్గరి పల్లె నుంచి ఒక కుర్రాడు ఉత్తరం రాశాడు. తాతల నాటి నుంచి బ్యాండు మేళం ఇల్లు. కోనసీమ తీర్థాల్లో, పెళ్ళి ఊరేగింపుల్లో క్లారినెట్టు వాయిస్తూ పెరిగాడు. తర్వాత చెన్నై వెళ్ళి పాశ్చాత్య శాస్త్రీయం నేర్చుకుని, ఇప్పుడు టెక్సాస్‌లో సంగీతం మాస్టర్స్‌కి సీటు తెచ్చుకున్నాడు. దీంతో బతుకుతెరువు ఉంటుందా, చదువుకుంటూనే తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో వాయించి ఖర్చులు గడుపుకోవచ్చా, ఉన్న వాయిద్యం సరిపోతుందా అని అడుగుతున్నాడు.

నాకు వాయించడం రాదు తమ్ముడూ. మాది అమలాపురం, ఉద్యోగం కంప్యూటర్లలో. మా అమ్మాయి ఆరో తరగతిలో బడి బ్యాండులో క్లారినెట్టు పట్టి పన్నెండో తరగతి దాకా వదల్లేదు. ఆ పాఠాల పుణ్యమా అని ఒక క్లారినెట్టు టీచరమ్మ బతుకు దగ్గర్నుంచి చూశాను. ఆ చూసిందీ, వీసాల గురించి ఇన్నేళ్ళలో తెలుసుకున్నదీ చెబుతాను.

ముందు పెళ్ళిళ్ళ సంగతి, ఎందుకంటే కొంప మునిగేది అక్కడే. ఎఫ్-1 అనే విద్యార్థి వీసా మీద చదువు సాగుతున్నన్నాళ్ళూ కాలేజీ ఆవరణలో వారానికి 20 గంటల దాకా పని చేసుకోవచ్చు. బయట సంభావన తీసుకుంటే అది అనుమతి లేని పనే. నగదుగా ఇచ్చినా, తాంబూలంలో పెట్టి ఇచ్చినా తేడా లేదు. "మనవాళ్ళేగా, ఎవరికి తెలుస్తుంది" అనేవాళ్ళు తప్పకుండా తగులుతారు. ఆ మాట అన్నవాళ్ళ వీసాకి ఏమీ కాదు, పోయేది నీదే. పిల్లలకి ఇంట్లో డబ్బు తీసుకుని పాఠాలు చెప్పడమూ ఈ లెక్కలోకే వస్తుంది. ఊరికే వాయిస్తానన్నా సరే, మామూలుగా డబ్బిచ్చి చేయించుకునే పని అయితే ముందు కాలేజీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుని అడుగు. అడిగితే పోయేదేం లేదు. కాలేజీలోనే అసిస్టెంట్‌షిప్, అంటే జీతమిచ్చే సహాయకుడి పని, దొరుకుతుందేమో మొదటి రోజు నుంచే చూసుకో.

చదువయ్యాక ఓపీటీ, అంటే చదివిన రంగంలో పని చేసుకునే అనుమతి, 12 నెలలు ఉంటుంది. మన ఇంజనీరింగు కుర్రాళ్ళకి దొరికే ఆ పైన 24 నెలల పొడిగింపు సంగీతానికి లేదు. కాబట్టి ఆ ఏడాదిలో ఏం చేయాలన్నది రెండో సంవత్సరం మొదట్లోనే ఆలోచించుకోవాలి. విశ్వవిద్యాలయాల కొలువైతే హెచ్-1బి ఉద్యోగ వీసా లాటరీ గొడవ ఉండదు. కానీ అక్కడ స్థిరమైన పోస్టుకి సాధారణంగా డాక్టరేట్ అడుగుతారు. ప్రభుత్వ బడిలో బ్యాండు డైరెక్టరు కావాలంటే రాష్ట్రం ఇచ్చే టీచరు సర్టిఫికెట్ ఉండాలి. ఆర్కెస్ట్రా కొలువు సంగతి చెప్పనే అక్కర్లేదు. చాలాచోట్ల తొలి వడపోతలో తెర వెనక కూర్చోబెట్టి వింటారు, ఖాళీ పడేదే ఎప్పుడో, పడితే దేశమంతా వచ్చి వాలుతుంది.

మరి మా టీచరమ్మ ఎలా బతికింది? పొద్దున్న ఇంట్లో సాధన. తర్వాత కాలేజీలో పార్ట్‌టైం క్లాసు. బడి వేళకి పిల్లల పాఠాలు. టెక్సాస్‌లో చాలా బళ్ళు ప్రైవేటు టీచర్లని లోపలికే రానిస్తాయి, బ్యాండు గది పక్కన చిన్న గదిలో అరగంటకొకరు. రాత్రి ఏడింటికి ఊరి ఆర్కెస్ట్రా రిహార్సలు. ఇన్ని చోట్ల చేసినా ఆరోగ్య బీమా మాత్రం ఎవరూ ఇవ్వరు, సొంతంగా కొనుక్కోవాలి. ఇల్లు నడిచేది పాఠాల మీదే. అలాగని కచేరీలు మానేస్తే కుదరదు. ఆవిడని వేదిక మీద విన్న తల్లిదండ్రులే పిల్లల్ని తీసుకొస్తారు. మేమూ అలాగే వెళ్ళాం.

నీ దగ్గర ఆవిడకి లేనిది ఒకటుంది. ఇక్కడ మన పిల్లలు శనివారం కర్ణాటక గాత్రానికీ, వారమంతా బడి బ్యాండుకీ పోతారు. ఈ రెండిటికీ లంకె వేసేవాళ్ళు నాకు కనబడలేదు. క్లారినెట్టులో మంద్ర షడ్జమం పట్టి, వేళ్ళు కదపకుండా, పై స్వరాలకి తీసుకెళ్ళే రిజిస్టర్ కీ నొక్కితే మధ్య షడ్జమం రాదు, మధ్య పంచమం పలుకుతుంది. శాక్సోఫోన్ అలా కాదు, పై షడ్జమమే ఇస్తుంది. మా అమ్మాయి ఈ ఒక్కచోట నెలల తరబడి తికమక పడింది. సరళీ స్వరాలు నోటికొచ్చిన పిల్లకి స-ప అని చెబితే ఒక్క పూటలో ఎక్కేది. మొజార్ట్ 1791లో రాసిన క్లారినెట్టు కాన్సర్టోని, అంటే ఆర్కెస్ట్రా తోడుగా ఒక్కరు ముందుండి వాయించే రచనని, శ్రద్ధగా నేర్చుకో, ఆడిషన్లలో అది తప్పదు. తాతగారి దగ్గర పట్టిన గమకాన్ని మాత్రం నామోషీ అనుకుని దాచుకోకు. క్లారినెట్టు మీద నిండు కర్ణాటక కచేరీలు చేసిన ఏ.కె.సి. నటరాజన్‌గారికి 2008లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి ఇచ్చింది.

ఇక వాయిద్యం. మంచి క్లారినెట్టు ఆఫ్రికన్ బ్లాక్‌వుడ్‌తో చేస్తారు. మన గోదావరి గాలిలో తేమకి అలవాటుపడిన కర్ర, ఇక్కడ చలికాలం హీటరు గాలికి ఎండి బీటలిస్తుంది. కీళ్ళ దగ్గరి లోహపు కట్లు వదులై వేలితో తిరుగుతున్నాయంటే కర్ర ఎండిపోతోందన్నమాట. పెట్టెలో తేమ పొట్లం పెట్టు, చల్లగా ఉన్న వాయిద్యంలోకి ఒక్కసారిగా వేడి ఊపిరి ఊదకు. ఆరుబయట వాయించడానికి చవక ప్లాస్టిక్‌ది ఒకటి ఉంచుకో.

బ్లాక్‌వుడ్ మీద 2017లో అంతర్జాతీయ ఆంక్షలు వచ్చాయి గానీ, పూర్తిగా తయారైన వాయిద్యాలకి 2019 నవంబరు నుంచి మినహాయింపు ఉంది. కాబట్టి తెచ్చుకో, చేతి సామానులోనే పెట్టుకో. నీది బీ-ఫ్లాట్ శ్రుతి క్లారినెట్టు అయి ఉంటుంది. ఆ మొజార్ట్ కాన్సర్టోకీ, ఆర్కెస్ట్రాకీ 'ఏ' శ్రుతి క్లారినెట్టు కూడా కావాలి, కొత్తది వేల డాలర్లు. మొదటి ఏడాది కొనకు. కాలేజీలో ఎరువిస్తారేమో ప్రొఫెసరుకి ఇప్పుడే మెయిలు పెట్టు, విమానం టిక్కెట్టు కొనకముందే.